వాయిడ్ మెయిన్ రాసేవాళ్లకు జవాబు చెప్పేటప్పుడు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు సి ప్రోగ్రామింగ్ గురించి ఆన్‌లైన్‌లో అడిగే డౌట్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. “అన్నా, కోడ్ పనిచేయట్లేదు, కొంచెం చూడవా” అని ఒక లైను. దానికింద మానిటర్‌కి ఏటవాలుగా ఫోన్ పెట్టి తీసిన ఫొటో, అందులో సగం ట్యూబ్‌లైటు మెరుపు. ఏ ఎర్రర్ వచ్చిందో చెప్పరు, ఏం రావాలనుకున్నారో చెప్పరు. వాటికి వచ్చే జవాబులూ ఒకే తీరుగా ఉంటాయి. “ముందు ప్రశ్న అడగడం నేర్చుకో.” “గూగుల్ చేయి బ్రో.” “ఏ శతాబ్దంలో ఉన్నావు?” మరొకాయన ఏమీ రాయకుండా నవ్వుతున్న బొమ్మ పెట్టి వెళ్లిపోతాడు.

కోడ్ రాయడమే నా ఉద్యోగం. ఖాళీ దొరికినప్పుడల్లా ఇలాంటి డౌట్లకు జవాబు చెప్పడం చాలా ఏళ్లుగా అలవాటు. జవాబులు చెప్పే మాలాంటివాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది: సరిగ్గా అడిగినవాళ్లకే జవాబు పొందే అర్హత ఉంటుందని. నేను దీన్ని ఒప్పుకోను. సరిగ్గా అడగడం వచ్చేసరికి మనిషి సగం నేర్చేసుకున్నట్టే. ఏ లైను దగ్గర తేడా వచ్చిందో, ఏ వెర్షన్ వాడుతున్నాడో, ఏ రెండు విషయాలు కలగాపులగం అయ్యాయో చెప్పగలిగినవాడు ఆ డౌటుని చాలాసార్లు మన దాకా తేనే తేడు. అందుకే వంకర ప్రశ్నను తిన్నగా చేయడం జవాబు చెప్పేవాళ్ల పనిలో భాగమని, మర్యాద ప్రధానంగా అక్కడే తేలుతుందని నా వాదన. ‘డియర్’, ‘ప్లీజ్’ లాంటి మాటలు ఎన్ని వాడామన్నది ఆ తర్వాతి సంగతి.

ప్రశ్నలు ఎలా అడగాలో చెప్పే రాతలకు కొరత లేదు. ఎక్కువగా లింకు ఇచ్చేది ఓపెన్ సోర్స్ ప్రపంచంలో పేరున్న ఎరిక్ రేమండ్ 2001లో రాసిన పొడవాటి వ్యాసానికి. ముందు వెతకండి, డాక్యుమెంటేషన్ చదవండి, ఏమేం ప్రయత్నించారో చెప్పండి, జరిగింది చెప్పండి గానీ మీ ఊహలు చెప్పకండి అంటాడాయన. అన్నీ పనికొచ్చే సలహాలే. అయితే దాని చివర్లో ఇంకో భాగం ఉంది, జవాబు చెప్పేవాళ్లు ఎలా నడుచుకోవాలన్నది. మెత్తగా ఉండమని, కచ్చితంగా తెలియకపోతే ఆ మాటే చెప్పమని, సాయం చేయలేకపోతే కనీసం అడ్డుపడొద్దని, ఎదురు ప్రశ్నలు వేసి విషయం రాబట్టమని అందులో ఉంది. కొత్తవాళ్ల మొహాన ఆ లింకు విసిరేవాళ్లలో ఎంతమంది అక్కడిదాకా చదివారో నాకు అనుమానమే. అంటే, చదవకుండా అడిగినవాళ్లను చదవకుండా లింకు ఇచ్చినవాళ్లు తిడుతున్నారన్నమాట.

అంతకు ఐదేళ్ల ముందే, 1996లో, కాలిఫోర్నియాలో ప్రొఫెసర్‌గా ఉన్న ఫిల్ ఆగ్రే ఇదే సంగతిని రెండో వైపు నుంచి రాశాడు. కంప్యూటర్ విషయంలో ఎవరికైనా సాయం చేసేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలో చెప్పే చిన్న పేజీ అది. ఈ విద్య ఎవరికీ పుట్టుకతో రాదని, నేర్చుకున్నాక మనం మన తొలిరోజుల్ని మరిచిపోతామని, అవతలివాళ్ల కీబోర్డు మీద చేయి వేయొద్దని అంటాడు. ఈ పేజీకి లింకు ఇచ్చేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఇక మన దగ్గర ఈ గొడవకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. దాని పేరు టర్బో సి. బోర్లాండ్ కంపెనీ డాస్ (విండోస్ కంటే ముందునాటి ఆపరేటింగ్ సిస్టం) రోజుల్లో అమ్మిన కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని మెషీన్ నడిపే ప్రోగ్రాంగా మార్చే సాఫ్ట్‌వేర్. నీలం తెర, పసుపు అక్షరాలు. మన కాలేజీ ల్యాబుల్లో చాలాచోట్ల ఆ నీలం తెర దశాబ్దాలపాటు కదల్లేదు. అది 16 బిట్ ప్రోగ్రాం కాబట్టి ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు. అందుకని డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం చేత పాత డాస్ మెషీన్‌లా నటింపజేసి, దాని కడుపులో దీన్ని నడుపుతారు. అంత కష్టపడి మరీ! ల్యాబ్ రికార్డులో పైన తెర, కీబోర్డు ఫంక్షన్ల కోసం చేర్చే కోనియో డాట్ హెచ్ ఫైలు, ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ విలువేమీ తిరిగివ్వదని చెప్పే వాయిడ్ మెయిన్, తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షన్, చివర్లో ఒక కీ నొక్కేదాకా ఆపి ఉంచే గెట్‌సీహెచ్. ఇవన్నీ సి భాషలో భాగమనే పిల్లలు అనుకుంటారు. అనుకోక ఏం చేస్తారు, వాళ్లకు చూపించిన సి అదే కదా.

ఒకమ్మాయి ఇంటికెళ్లి అన్నయ్య లాప్‌టాప్‌లో కొత్త కంపైలర్ మీద అదే ప్రోగ్రాం కొడుతుంది. కోనియో డాట్ హెచ్ అనే ఫైలే లేదంటుంది కంపైలర్. భయపడి డౌటు అడుగుతుంది. అనుభవజ్ఞుడొకాయన “మీ కాలేజీని ముందు మూసేయాలి” అని రాస్తాడు. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. మెయిన్ ఫంక్షన్ ఇంట్ (పూర్ణాంకం) విలువ తిరిగివ్వాలని స్టాండర్డ్, అంటే సి భాష అధికారిక నియమావళి, ఎప్పటినుంచో చెబుతోంది. కానీ ఆ కాలేజీని, సిలబస్‌ని, కంపైలర్‌ని ఎంచుకున్నది ఆ అమ్మాయి కాదు. వాటిమీద ఉన్న కోపాన్ని వాటికి బాధితురాలైన మనిషి మీద తీర్చుకోవడం ఏం పద్ధతి?

ఆమెకు కావలసింది నాలుగు ముక్కలు. “కోనియో డాట్ హెచ్ అనేది టర్బో సి లాంటి డాస్ కంపైలర్లు ఇచ్చింది, సి భాషలో లేదు. ఆ లైను, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ తీసేయండి. వాయిడ్ బదులు ఇంట్ రాయండి, ఇక్కడ నడుస్తుంది. ల్యాబులో మాత్రం గెట్‌సీహెచ్ ఉంచండి, లేకపోతే అక్కడ అవుట్‌పుట్ కనబడీ కనబడకుండానే నీలం తెర మళ్లీ వచ్చేస్తుంది.” చివరి ముక్క లేని జవాబు నా దృష్టిలో సగం జవాబే. ఆ పిల్ల రెండు లోకాల్లో బతకాలి. ఇంట్లో ఒక కంపైలర్, ల్యాబులో ఇంకొకటి. మనం ఒకదాని గురించే చెప్పి వదిలేస్తే రెండోచోట చీవాట్లు తింటుంది.

టర్బో సి ఇంకో రకంగానూ ఇరికిస్తుంది. అందులో ఇంట్ అంటే 16 బిట్లే, గరిష్ఠం 32767. 20000కి 20000 కలిపి ఇంట్‌లో పెడితే 40000 రాదు, మైనస్ 25536 వస్తుంది. కొత్తవాడు గుండె ఆగినంత పనై అడుగుతాడు, రెండు కూడితే మైనస్ ఎలా వచ్చిందని. జవాబు చెప్పేవాళ్లు అదే కోడ్‌ని తమ మెషీన్‌లో కొట్టి చూస్తారు. వాళ్ల ఇంట్ 32 బిట్లది, 40000 శుభ్రంగా వస్తుంది. “నా దగ్గర బాగానే వస్తోంది” అని రాసి ఊరుకుంటారు. ఇంతకంటే నిరుపయోగమైన జవాబు ఇంకోటి లేదు. అడిగినవాడికి తన మీద తనకే అనుమానం మొదలవుతుంది.

ఇక్కడ “ఏ కంపైలర్ వాడుతున్నావు?” అన్న ఒక్క ప్రశ్నతో చిక్కు విడిపోతుంది. ఆ వివరం వాడు ముందే చెప్పి ఉండాల్సింది అని వాదించవచ్చు. కానీ ప్రపంచంలో ఒకటి కంటే ఎక్కువ కంపైలర్లు ఉన్నాయని, వాటిలో ఇంట్ సైజులు వేరుగా ఉండవచ్చని వాడికి తెలియదు. తనకు చెప్పాల్సిన వివరమే లేదనుకుంటున్నాడు. స్కూటర్ స్టార్ట్ కావట్లేదని తోసుకుంటూ వచ్చినవాణ్ని ఏ మెకానిక్కూ “ఏ పార్టు పోయిందో చెప్పు, అప్పుడు చూస్తా” అనడు. పెట్రోలు ఉందా, రాత్రి వానలో తడిసిందా అని తనే అడుగుతాడు.

ఎదురు ప్రశ్న వేయడంలోనూ తేడాలుంటాయి. ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ఒక డౌటు తీసుకుందాం. స్కాన్ఎఫ్ అంటే కీబోర్డు మీద కొట్టినదాన్ని తీసుకునే ఫంక్షన్. “అన్నా, రెండో స్కాన్ఎఫ్ ఆగట్లేదు, నన్ను అడగకుండానే ముందుకెళ్లిపోతోంది.” మొదటి స్కాన్ఎఫ్‌తో ఒక అంకె, రెండోదాంతో ఒక అక్షరం తీసుకోబోయాడు. అంకె కొట్టి ఎంటర్ నొక్కాడు. స్కాన్ఎఫ్ అంకెను తీసుకుంది గానీ ఎంటర్‌ని, కొట్టినవి వేచి ఉండే ఇన్‌పుట్ బఫర్‌లోనే వదిలేసింది. రెండో స్కాన్ఎఫ్‌కి ఒక అక్షరం కావాలి, ఎంటర్ కూడా అక్షరమే, దాన్ని తీసుకుని వెళ్లిపోయింది. ఒక అక్షరం కావాలని చెప్పే పర్సెంట్ సి ముందు ఒక్క ఖాళీ వదిలితే సరిపోతుంది, ఎంటర్లు, ఖాళీలు ఉంటే దాటేయమని దానర్థం.

మన కాలేజీల్లో దీనికి వేరే మందు చలామణిలో ఉంది. మిగిలిపోయిన ఎంటర్‌ని తుడిచేస్తుందని రెండో స్కాన్ఎఫ్ ముందు ఎఫ్‌ఫ్లష్ అనే ఫంక్షన్ పెట్టి, బ్రాకెట్లో ఎస్‌టీడీఇన్ (అంటే కీబోర్డు ఇన్‌పుట్) రాయడం. సీనియర్ జూనియర్‌కి చెబుతాడు, వాడు తన జూనియర్‌కి. టర్బో సిలో పని జరుగుతుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. స్టాండర్డ్ ప్రకారం ఎఫ్‌ఫ్లష్ అవుట్‌పుట్ కోసం ఉన్నది, ఇన్‌పుట్ మీద వాడితే ఏమవుతుందో అది హామీ ఇవ్వదు. లినక్స్‌కి మారగానే మందు పనిచేయదు. అప్పుడు వచ్చే డౌటు ఇలా ఉంటుంది: “లినక్స్‌లో ఎఫ్‌ఫ్లష్ ఎందుకు పనిచేయట్లేదు?” అసలు జబ్బు స్కాన్ఎఫ్‌ది, ప్రశ్నలో దాని ఊసే లేదు. అడిగినదానికే జవాబు చెబితే ఎఫ్‌ఫ్లష్ మీద పెద్ద ఉపన్యాసం అవుతుంది, వాడి ప్రోగ్రాం మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని “అసలు దీన్నెందుకు వాడావు?” అంటారు చాలామంది. అడిగేవాడి ఉద్దేశం మంచిదే అయినా, తెలుగులో ఆ వాక్యం మందలింపులా పడుతుంది. స్కూల్లో, ఇంట్లో ‘ఎందుకు చేశావు’ అన్నప్పుడల్లా మనం నేరస్తుల్లాగే నిలబడ్డాం కదా. పిల్లలు వెంటనే సంజాయిషీకి దిగుతారు: “మా సార్ చెప్పారన్నా, నేను కాదు.” అదే “దీంతో ఏం చేద్దామనుకున్నావు?” అంటే కథ మొత్తం బయటికొస్తుంది. రాబట్టాల్సిన సమాచారం రెండింటిలోనూ ఒకటే.

ఇంకో జాడ్యం ఉంది, తెలివైనవాళ్లకే ఎక్కువ. ఇరవై లైన్ల కోడ్ కనబడగానే అందులో పదకొండు తప్పులు ఏరి వరసగా రాయడం. వేరియబుల్ పేర్లు బాలేవు, ఇండెంటేషన్ లేదు, కామెంట్లు లేవు, వాయిడ్ మెయిన్ తప్పు, గెట్స్ వాడకూడదు, రిటర్న్ విలువ చూడలేదు. అన్నీ నిజాలే. వాడు అడిగిన సంగతి మాత్రం పదకొండింటిలోనూ ఉండదు. లూప్ ఒకసారి ఎక్కువ ఎందుకు తిరుగుతోందని అడిగాడు పాపం. ముందు లూప్ సంగతి చెప్పాలి. షరతులో ‘కంటే తక్కువ’ రాయాల్సిన చోట ‘తక్కువ లేదా సమానం’ రాశాడని. మిగతావాటిలో ఏది చెప్పాలన్నది జవాబిచ్చేవాళ్ల వివేకం. నా లెక్కలో ప్రమాదకరమైనది ఒక్కటి ఎంచుకోవాలి. పై జాబితాలో అది గెట్స్. కొట్టిన మాటను తీసుకునే ఆ ఫంక్షన్, అది ఎంత పొడవుందో చూసుకోకుండా మెమరీలో రాసుకుంటూ పోతుంది. 1988లో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ (తనంతట తానే మెషీన్ల మధ్య పాకే ప్రోగ్రాం) దూరిన దారుల్లో ఒకటి దీనివల్ల ఏర్పడిన కంతే. చివరికి 2011 స్టాండర్డ్‌లో దాన్ని భాష నుంచే తీసేశారు. ఈ కథ రెండు వాక్యాల్లో చెబితే పిల్లలకు గుర్తుంటుంది. ఇండెంటేషన్ సంగతి ఇంకో రోజు చూసుకోవచ్చు, కొంపలేం మునగవు.

అన్నిటికంటే తలనొప్పి పరీక్ష ప్రశ్నలు. ఐ విలువ 5. తెర మీద చూపించే ఒకే ప్రింట్ఎఫ్‌లో ఐ ప్లస్ ప్లస్ (ఐని ఒకటి పెంచు) అని మూడుసార్లు రాసి, అవుట్‌పుట్ ఎంత అని అడుగుతారు. మన గైడ్లలో జవాబు 7 6 5, ‘కుడి నుంచి ఎడమకు లెక్కిస్తుంది కాబట్టి’ అనే కారణంతో సహా. స్టాండర్డ్ ప్రకారం ఈ ప్రశ్నకు జవాబే లేదు. ఒకే వేరియబుల్‌ని ఒకే మాటలో అన్నిసార్లు మారిస్తే ఏమైనా రావచ్చు. జీసీసీ అనే కంపైలర్‌లో 7 6 5 వచ్చే మెషీన్ మీదే క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో 5 6 7 వస్తుంది. దీన్ని తెలిసినవాళ్ల ముందు పెడితే ఊగిపోతారు. “మీ ప్రొఫెసర్‌కి సి రాదు, ఆ పుస్తకం తగలబెట్టు.” అడిగినవాడికి రేపు ఉదయం పది గంటలకు ఇంటర్నల్ పరీక్ష ఉంది. ఎగ్జామినర్‌కి ‘నిర్వచించని ప్రవర్తన’ అని రాస్తే సున్నా పడొచ్చు, ఆ సున్నా పడేది మనకు కాదు.

నేను ఇలాంటప్పుడు మూడు సంగతులూ చెబుతాను. భాష ఏమంటుంది, గైడు రాసినాయన ఏమనుకుని 7 6 5 అన్నాడు, పరీక్షలో ఏం రాస్తే మార్కు వస్తుంది. ఇది రాజీపడటం అని, తప్పుడు చదువుకు కాపు కాయడం అని కొందరు మిత్రులు నాతో పోట్లాడారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయితే మార్కు పోతుందన్న భయంలో ఉన్న పిల్లవాడి బుర్రకి స్టాండర్డ్ ఎక్కదు. ఆ భయం తీర్చాకే అసలు విషయం వింటాడు. రెండు కంపైలర్లలో రెండు జవాబులు వస్తాయని తనే కొట్టి చూసుకుంటే ఇక గైడుని గుడ్డిగా నమ్మడు కూడా.

పలకరింపుల సంగతి కొంచెం చెప్పాలి. మన పిల్లలకు నేర్పిన మర్యాద ప్రకారం పెద్దవాళ్లను సర్ అనాలి, ముందు నమస్కారం పెట్టాలి, శ్రమ ఇస్తున్నందుకు నొచ్చుకోవాలి. అందుకే “రెస్పెక్టెడ్ సర్, సారీ ఫర్ డిస్టర్బెన్స్” అని మొదలుపెడతారు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు లాంటి చోట హాయ్, థాంక్స్ లాంటివన్నీ అనవసరపు చెత్త కింద లెక్క, ఎవరో ఒకరు వచ్చి వాటిని చెరిపేస్తారు. గౌరవం చూపిద్దామని రాసినదాన్ని చెరిపేసి, పైగా ప్రశ్నకు మైనస్ ఓటు వేస్తే ఆ పిల్లలకు తాము చేసిన తప్పేమిటో అంతుపట్టదు. 2008లో మొదలైన ఆ సైటు లెక్క వేరు, అది నిజమే. అడిగిన ఒక్కడి కోసం కాకుండా, రేపు అదే సమస్యతో వెతుక్కుంటూ వచ్చే వేలమంది కోసం జవాబుల్ని భద్రపరచడం దాని లక్ష్యం. పాత ప్రశ్నకు డూప్లికేట్ అని కొత్త ప్రశ్నను మూసేయడం వెనక ఉన్న తర్కం అదే. కానీ ఆ తర్కం కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పరు, తలుపు మొహం మీద వేసినట్టే ఉంటుంది. కొత్తవాళ్లకు తమ సైటు ఆహ్వానించేలా లేదని 2018లో ఆ కంపెనీయే బహిరంగంగా ఒప్పుకుంది. ఆ సైటు పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో కూడా నడుస్తోంది, మన భాషల్లో లేదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు సి తోబాటు ఇంగ్లిష్‌లో కూడా పరీక్ష రాస్తున్నట్టే అక్కడ.

తెలుగులో మాట్లాడుకునే వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో వేరే తంటా. ముక్కూమొహం తెలియనివాళ్లను మొదటి మాటలోనే ‘నువ్వు’ అనేస్తారు. తనే ‘అన్నా’ అని పిలిస్తే నేనూ నువ్వు అంటాను. సర్ అని మొదలుపెడితే మీరు అనే అంటాను, వయసు పద్దెనిమిదైనా సరే. అవతల ఉన్నది నలభై ఐదేళ్లకు ఉద్యోగం పోయి టెస్టింగ్ నేర్చుకుంటున్న మనిషి కూడా కావచ్చు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అలాంటివాళ్లకు కొదవ లేదు. ఇక ఆడపిల్ల పేరు కనబడగానే “ఇన్‌బాక్స్‌కి రండి, చెబుతాను” అనేవాళ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. డౌటు అందరి ముందు అడిగారు, జవాబూ అందరి ముందే ఉండాలి. జవాబులో తప్పుంటే పక్కవాళ్లు దిద్దుతారు కూడా. ఇన్‌బాక్స్‌లో ఆ అవకాశం లేదు.

ఫొటోల విషయంలో నాకు మొదట్లో చిరాగ్గా ఉండేది. కోడ్‌ని టెక్స్ట్‌గా పెట్టమనడం న్యాయమే. ఫొటోలో ఉన్నదాన్ని కాపీ చేసి నడిపి చూడలేం, రేపు ఎవరైనా వెతికినా దొరకదు. కానీ ల్యాబులో నెట్ ఉండదు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు, చాలామందికి సొంత లాప్‌టాప్ లేదు. చేతిలో ఉన్నది ఫోన్ ఒక్కటే. కాబట్టి చదవగలిగితే ఆ ఫొటో చూసే జవాబు చెప్పి, టెక్స్ట్ అయితే ఎందుకు మేలో చివర్లో ఒక మాట అంటే సరిపోతుంది. చదవలేనంత మసగ్గా ఉంటే ఎర్రర్ వచ్చిన లైను, దాని పైలైను టైప్ చేసి పెట్టమంటాను.

పైలైను ఎందుకంటే, సెమికోలన్ మరిచిపోయిన లైను ఒకటైతే టర్బో సి లాంటి పాత కంపైలర్లు వేలు చూపించేది దాని కిందిలైనుని. “12వ లైనులో తప్పేం లేదన్నా, పదిసార్లు చూశా” అంటాడు. నిజమే, తప్పు పదకొండో లైనులో ఉంది. పైథాన్ అనే ఇంకో భాషలోనూ ఇదే బాధ ఉండేది. బ్రాకెట్ మూయడం మరిచిపోతే కింద ఎక్కడో ఉన్న మంచి లైనుని పట్టుకుని సింటాక్స్ తప్పు అనేది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి, తెరిచిన బ్రాకెట్ దగ్గరికే తీసుకెళ్లి ‘ఇది మూయలేదు’ అని చెబుతోంది. పాత పుస్తకం చూసి బ్రాకెట్లు లేకుండా ప్రింట్ రాస్తే, బ్రాకెట్లు పెట్టబోయి మరిచిపోయారా అన్నట్టు అడుగుతుంది. దీని వెనక కొందరు మనుషులు కూర్చుని, కొత్తవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసి, చెప్పే తీరు మార్చారు. భాష నియమాలు ఒక్కటీ సడలించలేదు. తప్పుని తప్పనే అంటోంది, కాకపోతే ఎక్కడుందో చూపించి అంటోంది. కంపైలర్‌కే ఇంత శ్రద్ధ పెట్టినప్పుడు మనం “సింటాక్స్ చూసుకో” అని రాయడం చిన్నతనం.

జోకుల గురించి. లినక్స్ కొత్తగా వేసుకున్నవాడు డిస్కులో జాగా లేదంటే, మొత్తం ఫైళ్లను తుడిచేసే కమాండ్ ఇచ్చి “ఇది కొట్టు, బోలెడు జాగా వస్తుంది” అనేవాళ్లు ఉన్నారు. తెలిసినవాళ్లకు అది నవ్వు, తెలియనివాడికి అది సలహా. వేళాకోళమో కాదో తేల్చుకోవడానికి కావలసిన జ్ఞానమే వాడి దగ్గర లేదు. ఇది మర్యాద ప్రశ్న కూడా కాదు, దుర్మార్గం.

ఇప్పుడు నా మీద వచ్చే అభ్యంతరం. “మేం జీతం తీసుకోకుండా చెబుతున్నాం. ప్రతి ఒక్కడి దగ్గరా కూర్చుని బుజ్జగించాలా?” అక్కర్లేదు. ఓపిక లేనప్పుడు జవాబు చెప్పకుండా ఉండే హక్కు అందరికీ ఉంది, దాన్ని నేను ధారాళంగా వాడుకుంటాను. రోజంతా ఆఫీసులో ప్రొడక్షన్ సమస్యతో కుస్తీ పట్టిన రాత్రి స్కాన్ఎఫ్ డౌటు చూసి దాటిపోతాను. ఇంకొకరు చెబుతారు. నాకు అర్థంకానిది ఏంటంటే, సమయం లేదనేవాళ్లకు తిట్టడానికి సమయం ఎలా దొరుకుతుందన్నది. “బేసిక్స్ నేర్చుకుని రా” అని రాయడానికి పట్టినంతసేపే పడుతుంది “ఎర్రర్ మెసేజ్ పెట్టు” అని రాయడానికి.

అసైన్‌మెంట్ కాగితాన్ని ఫొటో తీసి “సాయంత్రంలోగా కావాలి” అని పెట్టేవాళ్లు వేరు. అక్కడ డౌటంటూ లేదు, పని పురమాయింపు ఉంది. వాళ్లకు కోడ్ ఇవ్వను. అలాగని తిట్టను కూడా. “మొదలుపెట్టి ఎక్కడ ఆగారో చూపించండి, అక్కడి నుంచి చూద్దాం” అంటాను. చాలామంది మళ్లీ కనబడరు. కొందరు మాత్రం రెండు గంటల తర్వాత నాలుగు లైన్లు రాసుకుని వస్తారు. వీళ్లెవరో, వాళ్లెవరో మొదటి మెసేజ్ చూసి చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఇద్దరికీ ఒకటే మాట. అడిగినవన్నీ చేసిపెట్టే మహాదాతలు ఇంకో రకం. పూర్తి ప్రోగ్రాం రాసిచ్చి, దండాల బొమ్మలు పుచ్చుకుని సంతోషిస్తారు. ఆ కుర్రాడు వైవాలో నోరు తెరవలేక నిలబడినప్పుడు వీళ్లు పక్కన ఉండరు.

ఈ గొడవంతా ఇప్పుడు పాతబడిందని కొందరంటారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. కొద్దిరోజులకే, చూడ్డానికి బాగుండి లోపల తప్పులుంటున్నాయని, దాంతో రాసిన జవాబుల్ని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. నిషేధం అలా ఉండగా అడిగేవాళ్లే అటు వెళ్లిపోయారు, అక్కడ ప్రశ్నలు బాగా పడిపోయాయి. నాకేం ఆశ్చర్యం కలగలేదు. అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టినా అర్థం చేసుకుంటుంది, ఒకే డౌటు పదిసార్లు అడిగినా నవ్వదు. మనం ఇన్నేళ్లూ ఇవ్వనిది అది ఇచ్చింది. మంచిదే అంటాను. అయితే ఎఫ్‌ఫ్లష్ ఎలా పెట్టాలని అడిగితే ఎఫ్‌ఫ్లష్ ఎలా పెట్టాలో చెప్పేయడానికే అది ఎక్కువ మొగ్గుతుంది. ల్యాబులో ఏ కంపైలర్ ఉందో, రేపు పరీక్ష ఉందో లేదో మనం చెబితేనే దానికి తెలుస్తుంది. ఏం చెప్పాలో తెలియనివాడే కదా కొత్తవాడు.

దానివల్ల నా దగ్గరికి వచ్చే డౌట్ల తీరు మారింది. ఇదివరకు పది లైన్ల కోడ్ వచ్చేది, అన్నీ సొంత తప్పులు. ఇప్పుడు ఎనభై లైన్లు వస్తున్నాయి, పొందిగ్గా, కామెంట్లతో సహా, ఎక్కడో ఒకచోట తేడాగా. పంపినవాళ్లు దాన్ని రాయలేదని చూడగానే తెలిసిపోతుంది. “ఏఐ కోడ్ పట్టుకొచ్చి మమ్మల్ని అడుగుతావా” అన్నది కొత్తగా వచ్చిన తిట్టు. నేను ఆ మాట ఎత్తను. ఇందులో నీకు పూర్తిగా అర్థమైన లైన్లు ఏవో చెప్పు అంటాను. కొందరు సిగ్గుపడి వెళ్లిపోతారు, కొందరు ఓ గంట ఆగి ఫర్ లూప్ దాకా తెలిసిందంటారు. ఎక్కువమంది ప్రింట్ఎఫ్ ఒక్కటే చూపిస్తారు. మిగతావన్నీ తీసేయించి, ఆ ఒక్క లైనుతో కంపైల్ చేయించి, రెండో లైను వాళ్లనే రాయమంటాను.